చేరిక తేదీ తరువాత మొదలయ్యే పని: రిక్రూటర్లు మానవ వనరుల వృత్తిలోకి మారాలంటే

హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, పుణె వంటి నగరాల్లో ఇతరులకు ఉద్యోగాలు చూపించడమే ఉద్యోగంగా జీవిస్తున్న యువతీయువకులు ఎందరో ఉన్నారు. రెజ్యూమెలు వడపోయడం, అభ్యర్థులకు ఫోన్లు చేయడం, ఇంటర్వ్యూలకు సమయం కుదర్చడం, జీతం దగ్గర ఇరుపక్షాలకూ రాజీ చేయడం, ఆఫర్ అందుకున్న వ్యక్తి నోటీసు గడువు పూర్తయ్యేలోగా మరో కంపెనీకి వెళ్లిపోకుండా చూసుకోవడం వీరి దినచర్య. హోదాలో తరచు ‘హెచ్‌ఆర్’ అన్న అక్షరాలు కనిపిస్తాయి. ఇంట్లోవారు కూడా మా అమ్మాయి హెచ్‌ఆర్‌లో పనిచేస్తోందనే చెప్పుకొంటారు. అయితే నాలుగైదేళ్ల తరువాత అదే విభాగంలోని ఇతర బాధ్యతలకు దరఖాస్తు చేసుకున్నప్పుడు, మీకున్నది నియామకాల అనుభవమే కదా అన్న ప్రశ్న ఎదురవుతుంది.

ఈ ప్రశ్న ఇప్పుడు మరింత బరువెక్కింది. వ్యాపారం మందగించిన ప్రతిసారీ సంస్థలు మొదట నిలిపివేసేది కొత్త నియామకాలను. నియామకాలు ఆగితే రిక్రూటర్‌కు పని ఉండదు. వీరిలో చాలామంది కన్సల్టెన్సీల తరఫున కాంట్రాక్టు మీద పనిచేసేవారే కావడం వల్ల, ఇతరుల ఉద్యోగాలకన్నా ముందు వీరి ఉద్యోగమే పోతుంది. రెజ్యూమెలను జల్లెడ పట్టడం, తొలి సందేశాలు పంపడం వంటి పనులను సాఫ్ట్‌వేర్ చేసేస్తున్న రోజులివి. కనుక మానవ వనరుల విస్తృత బాధ్యతల్లోకి మారాలన్న కోరిక వెనుక పదోన్నతి ఆశ ఎంత ఉందో, నిలదొక్కుకోవాలన్న ఆరాటమూ అంతే ఉంది.

నియామకానికీ మానవ వనరుల నిర్వహణకూ మధ్య ఉన్న ఈ గీత నిన్న మొన్న గీసినది కాదు. వలస పాలన కాలంలో మిల్లులకు, రేవులకు, తోటలకు కూలీలను సమకూర్చినవారు మధ్యవర్తులు. ఒకచోట సర్దార్, ఒకచోట కంగాణి, మరొకచోట మేస్త్రీ అని వారిని పిలిచేవారు. కోస్తా తెలుగు జిల్లాల నుంచి బర్మాలోని బియ్యపు మిల్లులకు, రంగూన్ రేవుకు వేలాది మందిని తరలించినది ఈ మేస్త్రీల వ్యవస్థే. కూలీకి బయానా ఇచ్చేదీ, పనిలో పెట్టేదీ, పని నుంచి తీసేసేదీ ఒకే మనిషి. జె.హెచ్.విట్లే అధ్యక్షతన 1929లో ఏర్పాటైన రాయల్ కమిషన్ 1931లో ఇచ్చిన నివేదికలో ఈ మధ్యవర్తుల లంచగొండితనాన్ని ఎత్తిచూపింది. కార్మికులను చేర్చుకునే, తొలగించే అధికారాన్ని వారి చేతుల నుంచి తప్పించి, లేబర్ ఆఫీసర్లను నియమించాలని సిఫారసు చేసింది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది వెలువడిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 500 మంది లేదా అంతకు మించి కార్మికులున్న కర్మాగారాల్లో సంక్షేమాధికారి ఉండటాన్ని తప్పనిసరి చేసింది. అంటే మన దేశంలో నేటి హెచ్‌ఆర్ అధికారికి పూర్వరూపమైన ఉద్యోగం, మనుషులను తెచ్చి అప్పగించే పనిని అదుపులో పెట్టడానికే పుట్టింది. ఇంటర్వ్యూ గదుల్లో ఈ చరిత్ర ఎవరికీ గుర్తుండకపోవచ్చు. అక్కడ వినిపించే సందేహం మాత్రం దాని కొనసాగింపే.

రిక్రూటర్ పని అభ్యర్థి ఉద్యోగంలో చేరిన రోజుతో ముగుస్తుంది. హెచ్‌ఆర్ పని ఆ రోజే మొదలై, ఆ వ్యక్తి వెళ్లిపోయాక చివరి రూపాయి లెక్క తేలేవరకు సాగుతుంది. మొదటివారి ప్రతిభను లెక్కపెట్టవచ్చు: నెలకు ఎన్ని ఖాళీలు నింపారు, ఎన్ని రోజుల్లో నింపారు, ఎంతమంది ఆఫర్ తీసుకుని రాకుండా పోయారు. రెండోవారి ప్రతిభ జరగకుండా పోయిన సంగతుల్లో ఉంటుంది: కోర్టుకెక్కని వివాదం, రాజీనామా చేయకుండా ఆగిన ఉద్యోగి, ముదరకుండానే సర్దుకున్న ఫిర్యాదు. అంకెలకు అలవాటుపడినవారికి ఈ మార్పు మొదట్లో కష్టంగానే ఉంటుంది.

రిక్రూటర్‌కు తెలిసి ఉండీ లోతు తెలియని విషయం జీతం. ఏడాదికి ఎంత ప్యాకేజీ, నెలకు చేతికి ఎంత అన్నంతవరకు అందరూ చెప్పగలరు. దాని వెనుక ఉన్న లెక్క 2025 నవంబరు 21 నుంచి మారింది. 29 పాత కార్మిక చట్టాల స్థానంలో వేతనాలు, పారిశ్రామిక సంబంధాలు, సామాజిక భద్రత, వృత్తి భద్రతలకు సంబంధించిన నాలుగు కోడ్‌లు ఆ రోజున అమల్లోకి వచ్చాయి. ఇంటి అద్దె, రవాణా వంటి మినహాయింపు భత్యాలు మొత్తం ప్రతిఫలంలో సగాన్ని మించితే, మించిన భాగాన్ని వేతనంగానే పరిగణించాలన్నది కొత్త నిర్వచనం.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక ఉద్యోగికి నెలకు 52,000 రూపాయలు వస్తున్నాయనుకుందాం. అందులో మూలవేతనం 13,000, మిగిలిన 39,000 మినహాయింపు భత్యాలు. మొత్తంలో సగం 26,000. భత్యాలు దానిని 13,000 మేర మించాయి కాబట్టి, ఆ 13,000 మూలవేతనానికి కలిసి, చట్టం దృష్టిలో అతని వేతనం 26,000 అవుతుంది. గ్రాట్యుటీని చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో హెచ్చించి, సర్వీసు సంవత్సరాలతో గుణించి లెక్కిస్తారు. మూలవేతనం మీద మాత్రమే లెక్కిస్తే ఏడాదికి 7,500 రావాల్సిన చోట, కొత్త నిర్వచనం ప్రకారం 15,000 వస్తుంది. అయిదేళ్ల సర్వీసుకు తేడా 37,500 రూపాయలు. నిర్ణీత కాలానికి నియమితులైనవారికి అయిదేళ్ల నిరీక్షణ కూడా లేదు. ఏడాది పూర్తయితే గ్రాట్యుటీకి అర్హత లభిస్తుంది.

అభ్యర్థికి ఈ లెక్కను కాగితం మీద వేసి చూపగలిగిన రిక్రూటర్, అప్పటికే సగం గీత దాటినట్టే. చూపలేనివారు ఆఫర్ సమయంలో ఇచ్చే మాటలు తరువాత సంస్థ మెడకు చుట్టుకుంటాయి. ‘చేరాక సర్దుబాటు చేస్తారు’ అన్న ఒక్క హామీ ఎన్ని ఫిర్యాదులకు మూలమో, ఏ హెచ్‌ఆర్ కార్యాలయంలో అడిగినా చెబుతారు. కొత్త కోడ్‌ల కింద ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి కనుక, నోటి మాటకూ రాతకూ మధ్య ఖాళీ ఇకపై మరింత స్పష్టంగా బయటపడుతుంది.

నిష్క్రమణ విషయం ఇంకా సున్నితమైనది. తుది లెక్కలు తేల్చడానికి 45 రోజులు పడుతుందని చెప్పడం మన కంపెనీల్లో రివాజు. వేతనాల కోడ్ ప్రకారం ఉద్యోగి రాజీనామా చేసినా, తొలగింపునకు గురైనా, అతనికి రావాల్సిన వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలి. రిట్రెంచ్‌మెంట్‌కు గురైన కార్మికునికి పరిహారంతో పాటు, పునర్నైపుణ్య నిధి కింద 15 రోజుల వేతనానికి సమానమైన మొత్తం కూడా అందాలి. ఇవి తెలియని అధికారి కూర్చున్న చోట నష్టపోయేది ఇంటి అద్దె, పిల్లల ఫీజు కట్టుకోవాల్సిన సామాన్య ఉద్యోగి.

ఫిర్యాదుల విచారణకు వేరే స్వభావం కావాలి. పది మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి చోటా పనిస్థలంలో లైంగిక వేధింపుల నిరోధానికి అంతర్గత కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం చెబుతోంది. సుప్రీంకోర్టు 1997లో విశాఖ కేసులో ఇచ్చిన మార్గదర్శకాలు దానికి పునాది. కమిటీకి సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షురాలిగా ఉండాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు కావాలి, బయటి నుంచి ఒక సభ్యుడు లేదా సభ్యురాలు ఉండాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి. అలాగే 20 మంది లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థల్లో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని పారిశ్రామిక సంబంధాల కోడ్ నిర్దేశిస్తోంది. ఈ కమిటీల పనిలో రహస్యం దాచడం, ఇరుపక్షాల మాటా పూర్తిగా వినడం, విన్నది విన్నట్టు రాయడం ముఖ్యం. రిక్రూటర్ వృత్తి చురుకుదనాన్ని, ఒప్పించే నేర్పును అలవాటు చేస్తుంది. విచారణలో ఒప్పించే నేర్పు పనికిరాదు. ఒక్కోసారి అది కీడే చేస్తుంది.

రిక్రూటర్ దగ్గర మూలధనం లేదని కాదు. మార్కెట్లో ఏ నైపుణ్యానికి ఎంత ధర పలుకుతున్నదో సంస్థలో మరెవరికన్నా వారికే బాగా తెలుసు. మనుషులు ఉద్యోగం ఎందుకు మానేస్తారో రోజుకు పది నోళ్ల నుంచి వింటారు: మేనేజర్ తీరు, షిఫ్టులు, ఆగిపోయిన ఇంక్రిమెంటు, సొంత ఊరికి దూరం. ఈ సమాచారం సాధారణంగా ఇంటర్వ్యూ నోట్స్‌లోనే మగ్గిపోతుంది. దానిని క్రమంగా రాసిపెట్టి, తమ సంస్థలో ఏ విభాగం నుంచి ఎందరు వెళ్తున్నారో, తాము చేర్చినవారిలో ఏడాది తరువాత ఎందరు మిగిలారో పక్కన పెట్టి చూస్తే, అది జీతాల విధానానికీ ఉద్యోగులను నిలుపుకునే ప్రణాళికకూ ముడిసరుకు అవుతుంది.

హైదరాబాద్‌లో మరో ప్రత్యేక వర్గం ఉంది. అమెరికా కంపెనీల కోసం రాత్రి షిఫ్టుల్లో పనిచేసే రిక్రూటర్లు వీరు. హెచ్1బి వీసా, డబ్ల్యూ2 ఒప్పందం, గంటకు ఎన్ని డాలర్లు అన్న లెక్కలు వీరికి కొట్టినపిండి. తమ జీతంలోనే కోత పడుతున్న భవిష్యనిధి గురించి అడిగితే మాత్రం తడుముకునేవారు తక్కువ కాదు. పగటి ఉద్యోగం కోసం దేశీయ హెచ్‌ఆర్ వైపు చూసే వీరికి దూరం మిగతావారికన్నా ఎక్కువ. ముందుగా భారతీయ సంస్థల నియామకాల విభాగంలోకి మారి, అక్కడి నుంచి ముందుకు సాగడం వీరికి ఆచరణీయమైన దారి.

కర్మాగారాల్లో పరిస్థితి వేరు. శ్రీసిటీ, పాశమైలారం, పరవాడ వంటి పారిశ్రామిక ప్రాంతాల్లో హెచ్‌ఆర్ అంటే కాంట్రాక్టు కార్మికుల రికార్డులు, క్యాంటీన్, షిఫ్టు బస్సు, ప్రమాదం జరిగిన రాత్రి ఆసుపత్రి, యూనియన్‌తో చర్చలు. 300 మంది లేదా అంతకు మించి కార్మికులున్న చోట స్టాండింగ్ ఆర్డర్లు వర్తిస్తాయి. సంక్షేమాధికారిని నియమించాల్సిన పరిమితిని కొత్త కోడ్ 500 నుంచి 250కి తగ్గించింది. దీనివల్ల అవకాశాలు పెరుగుతాయి కానీ, ఈ పదవికి అర్హతలను ప్రభుత్వ నియమాలే నిర్దేశిస్తాయి. అనుభవం ఒక్కటే సరిపోదు. కార్మిక విషయాలు ఉమ్మడి జాబితాలోనివి కనుక, ఏ రాష్ట్రంలో ఉద్యోగం కోరుతున్నారో ఆ రాష్ట్ర నియమాలను చదవక తప్పదు.

చదువు విషయానికొస్తే, జంషెడ్‌పూర్‌లోని ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ, ముంబయిలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ఈ రంగంలో దశాబ్దాలుగా పేరొందినవి. ఉద్యోగం మానకుండా చదవదలచినవారికి ఇగ్నో దూరవిద్యలో మానవ వనరుల ఎంబీఏ అందిస్తోంది. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థ, కార్మికోద్యమం నుంచి రాష్ట్రపతి పదవి వరకు ఎదిగిన వి.వి.గిరి పేరున నడుస్తూ శిక్షణ, పరిశోధనలు సాగిస్తోంది. వారాంతపు సర్టిఫికెట్ల ప్రకటనలు మాత్రం అవసరానికి మించి ఉన్నాయి. వాటికి ఫీజు కట్టేముందు, తమ సంస్థ పే-రోల్ విభాగంలో ఒక నెలాఖరు కూర్చుని చూడటం ఎక్కువ నేర్పుతుంది.

మారేందుకు తేలికైన చోటు తాము పనిచేస్తున్న సంస్థే. కొత్తవారి చేరిక ప్రక్రియను అడిగి తీసుకోవడం సహజమైన మొదటి మెట్టు, ఎందుకంటే ఆ వ్యక్తులు రిక్రూటర్‌ను ఇప్పటికే ఎరుగుదురు. మొదటి 90 రోజులు వారితో మాట్లాడుతూ ఉంటే, సెలవుల నుంచి మేనేజర్‌తో పొరపొచ్చాల దాకా సమస్యలు వాటంతటవే వచ్చి పడతాయి. బయట వెతికేవారికి అరవై డెబ్బై మంది పనిచేసే చిన్న కంపెనీలు మేలు. అక్కడ హెచ్‌ఆర్ అంటే ఒకరో ఇద్దరో. నియామకం నుంచి భవిష్యనిధి రిటర్నుల దాకా అన్నీ వారే చూడాలి. జీతం పెరగకపోవచ్చు, ప్రోత్సాహకాలు పోవడంతో కొంత తగ్గనూవచ్చు. రెండేళ్లకు సరిపడా ఇంటి ఖర్చు లెక్క చూసుకుని దిగడం మంచిది.

మరొక సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. గీత దాటిన తరువాత, ఒకనాడు తామే ఫోన్ చేసి, నచ్చజెప్పి, మంచి సంస్థ అని భరోసా ఇచ్చి చేర్చిన మనిషికి ఉద్యోగం పోయిందని చెప్పే బల్ల దగ్గర కూర్చోవలసి వస్తుంది. ఆ రోజున అతను అడిగేవి తుది చెల్లింపు ఎప్పుడు, అనుభవ ధ్రువపత్రం ఎప్పుడు, ఆరోగ్య బీమా ఎన్నాళ్లుంటుంది అన్న మూడు నాలుగు ప్రశ్నలే. ఎదుట కూర్చున్న అధికారి దగ్గర వాటికి తేదీలతో సహా జవాబులు సిద్ధంగా ఉండాలి.