తీరిక వేళల్లో తెప్ప కడదామా?

కుట్లు, అల్లికలు, గ్లాస్ పెయింటింగు, పూసల తెరలు... మధ్యాహ్నం వంటిల్లు సర్దేశాక మనం పట్టే పనుల్లో పడవలు కట్టడం అనేది ఎక్కడా కనపడదు. అదేదో మగపిల్లల సరదా అని వదిలేస్తాం. కాని ఒక్కసారి ఆలోచించండి. నూలుపోగు తేడా రాకుండా జాకెట్టు కత్తిరించే చేతులు, సంక్రాంతి బొమ్మల కొలువులో వేలెడంత బొమ్మకి కూడా కుచ్చిళ్ళు పెట్టి చీర కట్టే చేతులు, వాటికి మూరెడు పడవ ఒక లెక్కా?

బజార్లో ఓడ బొమ్మల కిట్లు దొరుకుతాయి. ముక్కలన్నీ కోసి, నంబర్లు వేసి పెట్టెలో పెట్టి అమ్ముతారు. నేను చూసిన వాటిల్లో అన్నీ పెద్ద పెద్ద విదేశీ యుద్ధనౌకలే. మన జాలర్ల తెప్ప ఒక్క పెట్టెలోనూ లేదు. అందుకని కొలత తీయడం దగ్గర్నుంచి రంగు వేయడం దాకా అన్నీ మనమే చేసుకోవాలి. దీన్ని స్క్రాచ్ బిల్డింగ్ అంటారు. ప్యాకెట్ పిండి కలుపుకోకుండా పప్పు నానబోసి మనమే రుబ్బుకోవడం అన్నమాట!

నేను ఈ పనికి కొత్తదాన్నే. కిందటి దీపావళి తర్వాత మొదలుపెట్టాను. మేముండేది విశాఖపట్నం ఆటోనగర్ పక్కన. పొద్దున లేస్తే లేత్ మిషన్ల రొద, వెల్డింగ్ మెరుపులు, లారీలకు బాడీలు కట్టే షెడ్ల దగ్గర కొయ్యపొట్టు వాసన. ఆ షెడ్లలో కోసి పారేసిన ముక్కలు మనకి బంగారం. మేస్త్రిని మర్యాదగా అడిగితే గుప్పెడు ముక్కలు ఊరికే ఇస్తాడు. గట్టి కర్ర మాత్రం తీసుకోకండి, చాకు దిగదు, వేళ్ళు తెగుతాయి. ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడే అంకుడు కర్ర దొరికితే అంతకంటే కావలసింది లేదు. మెత్తగా చెక్కుబడుతుంది. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి ఇంకా తేలిక.

మొదట ఏ పడవ? నన్నడిగితే తెప్పే. నాలుగైదు దుంగలు ఒకదాని పక్కన ఒకటి చేర్చి కడితే తెప్ప. దానికి లోపలి గుల్ల ఉండదు, కెరటం వస్తే నీళ్ళు ఎక్కుతాయి, దుంగల సందుల్లోంచి మళ్ళీ దిగిపోతాయి. మునగడం అనేదే లేదు. తమిళంలో కట్టుమరం అంటే కట్టిన కొయ్య. ఇంగ్లీషువాళ్ళు చెప్పుకునే కాటమరాన్ ఈ మాటలోంచి పుట్టిందే. ఇంకొకటి మసూలా పడవ. చెక్కలకు మేకులు కొట్టకుండా కొబ్బరిపీచు తాడుతో కుట్టేవారు. ఒడ్డున విరిగే కెరటాలకి మేకు కొట్టిన పడవ పగుల్తుంది, కుట్టిన పడవ వంగి ఊరుకుంటుంది. మన విశాఖ పోర్టు 1933లో తెరిచారు. అంతకు ముందు ఓడలు సముద్రంలోనే ఆగేవి, సరుకంతా ఇలాంటి పడవల్లోనే ఒడ్డుకి చేరేది. కుట్టుపని వచ్చినవాళ్ళకి మసూలా పడవ రెండో మెట్టు. దాని కుట్లు చూస్తే మన కాజాకుట్టు గుర్తొస్తుంది.

ఇక్కడే అసలు చిక్కు. తెప్పకి కాగితం మీద ప్లాను ఉండదు. కట్టేవాళ్ళ కంట్లో, చేతి మూరలో ఉండేది. ఇప్పుడు ఒడ్డున కనిపించేవి ఎక్కువగా ఫైబర్ తెప్పలు, వాటికి ఇంజన్లు. దుంగల తెప్ప కనబడటమే అరుదు. దాన్ని కట్టినవాళ్ళూ ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

మా వీధికి చేపలు తెచ్చే మామ్మ ఉంది. డెబ్భై దాటాయి. ఆవిడ పెనిమిటి తెప్ప మీద వేటకి వెళ్ళేవాడట, పోయి చాలా ఏళ్ళయింది. తెప్ప గురించి అడిగితే కానగంతల తట్ట దించి అరుగు మీద కూచుంది. "ఎంత పొడుగుండేది మామ్మా?" అంటే "నాలుగు బారలమ్మా" అంది. బార అంటే రెండు చేతులూ చాపినంత. ఎవరి బార? వాళ్ళాయనది. ఆయన ఎంత ఎత్తుండేవాడంటే మా వారిని చూపించి "ఈ బాబంత" అంది. మనిషి బార దాదాపు ఆ మనిషి ఎత్తంత ఉంటుంది కదా. మా వారు అయిదడుగుల ఆరంగుళాలు. అంటే నాలుగు బారలు 22 అడుగులు. అడుగుకి అర అంగుళం చొప్పున తగ్గిస్తే 11 అంగుళాల తెప్ప. పుస్తకాల్లో దీన్ని 24కి 1 స్కేలు అంటారు. ఈ స్కేల్లో అయిదున్నర అడుగుల మనిషి రెండుమ్ముప్పావు అంగుళాల బొమ్మవుతాడు. మీరూ ఇలాగే లెక్క కట్టుకోండి. ఒక స్కేలు అనుకున్నాక తెడ్డుకి, తెరచాపకి, తాడుకి అన్నిటికీ అదే ఉండాలి. కొత్తవాళ్ళు చాలామంది తాడు దగ్గర తప్పిపోతారు. అంగుళం మందం తాడు ఈ స్కేల్లో ఒక మిల్లీమీటరు చిల్లర, అంతే. పూలు కట్టే దారం సరిగ్గా సరిపోతుంది. దారాన్ని ఒకసారి కొవ్వొత్తి మీద లాగితే నూగు అణిగిపోయి అచ్చం తాడులా కనిపిస్తుంది.

కొయ్య పట్టేముందు బట్టల సబ్బు బారు ఒకటి తీసుకోండి. కూరగాయల చాకుతో దాన్ని తెప్ప ఆకారంలో చెక్కండి. సబ్బయితే ఎంత చెక్కినా నష్టం లేదు, మిగిలిన తురుము బకెట్లో వేసుకోవచ్చు! నేను అలా చెక్కిన సబ్బు తెప్ప మామ్మ చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేటమ్మా, పీటలాగుంది. ముంగల పైకి లేవాల. లేకపోతే కెరటం ఎక్కుద్దేటి? నడిమి దుంగ కిందకుండాల, పక్కవి కూసింత పైకి. మనిషి కూకోవాల కదా" అంది. అలా మూడుసార్లు చెక్కాక "ఆ, ఇలాగే ఉండేది" అని కాసేపు దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. ఆ సబ్బుని నేను అలాగే దాచాను, నా ప్లాను అదే.

ఇక పని. అయిదు కర్రముక్కలు తీసుకుని నడిమిది కొంచెం పొడుగు, లావు ఉంచండి. చాకు ఎప్పుడూ మీకు ఎదురుగా కాక అవతలికి నడవాలి. ఒక్కసారి లోతుగా కోయకుండా దొండకాయ చెక్కినట్టు పల్చగా చెక్కండి. గరుకు కాగితం 120 నంబరుతో మొదలుపెట్టి 220తో నునుపు చేయండి. ఆ పొడి పీల్చకుండా ముక్కుకి గుడ్డ కట్టుకోండి, అంట్ల దగ్గరా పిండిడబ్బాల దగ్గరా ఈ పని వద్దు. దుంగలు చేర్చేటప్పుడు సందుల్లో ఫెవికాల్ పల్చగా రాసి, పైన తాడు మూడు చోట్ల బిగించి రాత్రంతా వదిలేయండి. త్వరగా అతుక్కుంటుందని ఫెవిక్విక్ వాడేవాళ్ళున్నారు. వేళ్ళు అతుక్కుంటాయి, దాని ఆవిరి కళ్ళకి మంట. పిల్లలున్న ఇంట్లో అది మానేస్తేనే మంచిది.

తెరచాపకి పాత నూలు పంచె ముక్క. టీ డికాషన్లో గంటసేపు ముంచి నీడలో ఆరేస్తే ఎండకీ ఉప్పునీటికీ మాగిన రంగు వస్తుంది. వలకి పాత దోమతెర. దాని రంధ్రం ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లుంటుంది. 24తో హెచ్చవేస్తే 24 నుంచి 36 మిల్లీమీటర్లు, కవళ్ళు పట్టే వల కన్నుకి దగ్గరగానే ఉంది. నూలు దొరికితే మీరే క్రోషియాతో అల్లుకోవచ్చు గానీ కళ్ళజోడు సిద్ధంగా పెట్టుకోండి.

తెప్ప అయ్యాక మరబోటు మీదికి మనసు పోతుంది. 13 మీటర్ల బోటు 50కి 1 స్కేల్లో 26 సెంటీమీటర్లు వస్తుంది, టీవీ మీద పెట్టుకోవడానికి బాగుంటుంది అనేవాళ్ళం, ఇప్పటి టీవీల మీద ఏదీ నిలవదు గదా, అద్దాల బీరువాలో పెట్టుకోవాలి. దీనికి కొయ్య పలకలు ఒకదాని మీద ఒకటి అతికించి, ఆరాక చెక్కడం తేలిక పద్ధతి. బ్రెడ్ ముక్కల మధ్య వెన్న రాసినట్టు ఉంటుందని ఇంగ్లీషువాళ్ళు దానికి బ్రెడ్ అండ్ బటర్ అని పేరు పెట్టారు. కుడి ఎడమలు సమానంగా రావాలంటే మనకి తెలిసిన ఉపాయమే. జాకెట్టు వీపు ముక్కకి కాగితం నిలువుగా మడిచి సగమే గీసి కత్తిరిస్తాం చూడండి, పలకలకూ అంతే.

బోటు అడుగు భాగం ఎలా ఉంటుందో చూడాలంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఫిషింగ్ హార్బరుకి వెళ్ళండి. తూర్పు తీరంలో ఆ 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం. బోట్లు ఒడ్డుకెక్కించి మరమ్మత్తులు చేస్తారు, రంగులు వేస్తారు, నీళ్ళలో దాగి ఉండే ఆకారమంతా కళ్ళెదుట ఉంటుంది. బోటువాళ్ళని అడిగి ఫోటో తీసుకోండి. పోర్టు వైపు, నేవీ వైపు కెమెరా తిప్పొద్దు. పక్కన స్కేలో, మన చెయ్యో కనిపించేలా తీస్తే తర్వాత కొలతకి పనికొస్తుంది.

ఇదంతా ఎందుకు, ఫోటోలున్నాయి కదా అని మావాళ్ళే అన్నారు. 2023 నవంబరు 19 రాత్రి మన హార్బర్లో మంటలు లేచి సుమారు 40 బోట్లు కాలిపోవడమో దెబ్బతినడమో జరిగింది. ఒక్క రాత్రిలో! బోటంటే ఆ ఇంటికి పొలం లాంటిది. కాలిపోయిన బోటు ముంగలి భాగం ఎంత వంపు తిరిగి ఉండేదో, కేబిన్ తలుపు ఎటు తెరుచుకునేదో ఫోటోలో తెలియదు. డెన్మార్కు దేశంలో నావికులు ఓడ నమూనాలు చేసి తమ చర్చిల పైకప్పుకి వేలాడదీస్తారు, వందల ఏళ్ళనాటివి ఇంకా ఉన్నాయి. పారిస్ అనే ఫ్రెంచి నౌకాదళ అధికారి 1840లలో మన కోరమాండల్ తీరం పడవల్ని కూడా కొలతలతో బొమ్మలు గీసి పుస్తకం వేశాడు. 1920లో మద్రాసు చేపల శాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ మన పడవల తీరుతెన్నుల మీద రాశాడు. ఎక్కడివాళ్ళో వచ్చి కొలిచి వెళ్ళారు. మనం ఆ పడవలు తెచ్చిన చేపలు తినడమేగాని ఒక్కసారైనా టేపు పెట్టి చూశామా?

ఖర్చంటారా, కర్ర ఊరికే వస్తే ఫెవికాల్ చిన్న డబ్బా, గరుకు కాగితాలు, ఒక చిన్న చాకు. ఒక సినిమా టిక్కెట్ల డబ్బుకి మించదు. కాలం మాత్రం పడుతుంది. రోజుకి ముప్పావుగంట చొప్పున నాకు రెండున్నర నెలలు పట్టింది. పప్పు కుక్కర్లో పెట్టి ఈ పనికి కూచోకండి.

నా తెప్పకి తెడ్డు ఒకటి మిగిలింది. మామ్మకి తెడ్డు పొడుగు గుర్తు లేదు, ఎప్పుడూ ముట్టనిచ్చేవారు కాదట. వాళ్ళ మరిది ఒకాయన ఉన్నాడు, చూపు బాగా మందగించింది, చేతులు చాపి చూపించగలడు అంటోంది. ఆదివారం టేపు తీసుకుని వెళ్ళాలి.