పొడి అక్షరాల చాటున ఇంటిపేరు

సంబంధం మాట్లాడే వేళ పెద్దలు మొదట అడిగే ప్రశ్న "మీ ఇంటిపేరేమి?" అన్నది. ఆనేకల్లు, హోసూరు, కుప్పం ప్రాంతాల తెలుగు కుటుంబాలలో ఈ ప్రశ్నకు పిల్లలు అవ్వ ముఖం వైపు చూడడం మనకు కొత్త కాదు. బడి రిజిస్టరులోనూ, రేషను కార్డులోనూ ఉన్నవి ఒకటి రెండు పొడి అక్షరాలే. ఆ అక్షరం ఊరిదో, తండ్రిదో, ఇంటిదో తెలియదు. ఒకే ఇంటిపేరు గలవారు అన్నదమ్ముల వరుస అని పాటించే కుటుంబాలలో ఇది చిన్న చిక్కు కాదు. కలియదగిన సంబంధం తప్పిపోవచ్చు, కూడని సంబంధం కుదరనూవచ్చు.

బెంగళూరు నగర జిల్లా ఆనేకల్లు తాలూకాలోని జిగణినే తీసుకొందాం. నేడు పారిశ్రామికవాడగా పేరు మోసిన ఊరిది. పేరుకు ముందు 'జిగణి' అని ఉన్నవారు రెండు విధాలుగా ఉండవచ్చును. ఒకరు జిగణిలోనే కాపురముండి, కన్నడసీమ వాడుక ప్రకారం ఊరిపేరు చేర్చుకొన్నవారు. మరొకరు ఎన్నో తరాల క్రిందట జిగణి విడిచి పరాయి ఊరు చేరగా, అక్కడివారు 'జిగణివారు' అని పిలవడం వలన ఆ పేరు ఇంటికి నిలిచినవారు. ఊరిలో ఉన్నంతకాలం ఆ ఊరిపేరుతో ఒక ఇంటిని వేరుచేసి పిలవనక్కరలేదు గదా! కనుక ఊరిపేరు ఇంటిపేరైతే, ఆ కుటుంబం ఆ ఊరు విడిచి వచ్చినదని తరచుగా అర్థం. కరణీకం వంటి గ్రామాధికారం వలన వచ్చిన పేర్లు దీనికి మినహాయింపు.

దీనికి మనకు దగ్గరి నిదర్శనం సర్ ఎం. విశ్వేశ్వరయ్యగారు. ఆయన 1861లో చిక్కబళ్లాపురం దగ్గరి ముద్దేనహళ్లిలో జన్మించారు. 'ఎం' అంటే ముద్దేనహళ్లి అనుకొనేవారు ఉన్నారు. అది మోక్షగుండం. ఆంధ్రదేశంలో గిద్దలూరు ప్రాంతపు ఊరు. ఆయన పూర్వులు అక్కడినుండి వచ్చినవారు. అలాగే 1888లో తిరుత్తణిలో జన్మించిన రాధాకృష్ణన్‌గారి ఇంటిపేరు నెల్లూరు సీమలోని సర్వేపల్లిది. ఇద్దరి విషయంలోనూ పుట్టిన ఊరు ఒకటి, ఇంటిపేరు చూపే ఊరు వేరొకటి.

ఇక లిపి తెచ్చే తంటా. కన్నడంలో 'ణ'తో వ్రాసే జిగణి ఇంగ్లీషు అక్షరాలలోకి వెళ్లేసరికి 'న' అయినా కావచ్చు, 'ణ' అయినా కావచ్చు. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. ట, డ లకూ, ప, బ లకూ అంతే. హోసూరు వైపు పట్టా కాగితాలలో 'గ'తో మొదలయ్యే ఇంటిపేరును 'క' క్రింద కూడా వెదకాలి. ఉచ్చారణ పోలికను మాత్రం నమ్ముకోరాదు. కన్నడంలో 'జిగణె' అంటే జలగ. అంతమాత్రాన జిగణివారి వంశకథ జలగతో మొదలైనదనడం కాలక్షేపం మాటే.

కాగితాలు ఎక్కడ వెదకాలన్నది నేటి సరిహద్దును బట్టి కాక నాటి ఏలుబడిని బట్టి నిర్ణయించుకోవాలి. 1799లో టిప్పు పతనం తరువాత ఆనేకల్లు మైసూరు సంస్థానంలో ఉండగా, హోసూరు కుంపిణీ వశమై సేలం జిల్లాలో చేరింది. ఆ పాత సేలం దస్తావేజులకు చెన్నై ఎగ్మూరులోని పత్రాగారం ఆధారం. మైసూరు వైపువాటికి బెంగళూరు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక మునుపు కుప్పం ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. 1882కు ముందు అనంతపురం బళ్లారి జిల్లాలో భాగం. మాన్యాలు అనుభవించిన కుటుంబాలైతే, మద్రాసు రాజధానిలో 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ రిజిస్టర్లు చూడాలి. అందులో మాన్యం మొదట ఎవరికి దక్కినదో, అప్పటి అనుభవదారు ఎవరో ఉంటుంది.

పాత స్థానిక చరిత్రల విషయంలో మన ఆశను కొంత తగ్గించుకోక తప్పదు. కల్నల్ మెకంజీ కావలి సోదరుల వంటి సహాయకులతో సేకరించిన కైఫీయతులలో ఊరు కట్టించినవారు, చెరువులు, గుళ్లు, పాళెగాండ్లు, మాన్యాలు కనిపిస్తాయి. లూయీ రైస్ 1905లో ప్రకటించిన ఎపిగ్రాఫియా కర్ణాటికా తొమ్మిదవ సంపుటంలో ఆనేకల్లు తాలూకా శాసనాలున్నాయి. ఇవి దానమిచ్చినవారినీ, పుచ్చుకొన్నవారినీ చెబుతాయే గాని అరక దున్నిన ఇంటి పేరు చెప్పడం అరుదు. శాసనంలో మన ఇంటిపేరు వంటి పేరు కనబడగానే ఆయన మన ముత్తాత అనుకోవడం పొరపాటు. నడుమ తరాలు ఒక్కొక్కటిగా కలిస్తేనే అది వంశవృక్షం.

ఆ నడుమ తరాలను కాపాడినవారు వేరే ఉన్నారు. తెలుగుసీమలో పిచ్చిగుంట్లవారు, కన్నడసీమలో హెళవరు. పిచ్చిగుంట్లవారిని ప్రభుత్వ జాబితాలలో ఇప్పుడు వంశరాజ్ అంటున్నారు. ఇంటింటికీ వచ్చి గోత్రం, ఇంటిపేరు, పూర్వుల పేర్లు, వలస వచ్చిన ఊళ్లు చెప్పి ధాన్యమో, రొక్కమో పుచ్చుకొనడం వారి వృత్తి. థర్స్టన్ 1909లో ప్రకటించిన గ్రంథంలో వీరిరువురి ప్రస్తావనా ఉన్నది. వీరిని భిక్షకులని త్రోసిపుచ్చడం మనకే నష్టం. వారి నోట ఉన్నది మన చిట్టా. అయితే వారు వచ్చినప్పుడు మీ తాతల పేర్లు ముందుగా చెప్పకండి. వారినే చెప్పనిచ్చి, మీకు తెలిసిన నాలుగు పేర్లతో సరిచూడండి. పురాణపురుషులతో మొదలయ్యే భాగాన్ని భక్తితో వినండి. వ్రాసుకోవలసినది మాత్రం కడపటి ఐదారు తరాలు.

ఇంట్లోనే ఉన్న మరి రెండు ఆధారాలను చాలామంది గమనించరు. మొదటిది ఇలవేల్పు. పిల్లల పుట్టువెంట్రుకలు తీయించడానికి దగ్గరి గుళ్లన్నీ దాటి ఒక దూరపు ఊరికే వెళ్తున్నారంటే, ఆ ఊరి చుట్టుపక్కల వెదకండి. రెండవది వియ్యంకులు. మీ ఇంటిపేరును మీరు మరచినా, పిల్లనిచ్చేముందు విచారించిన ఇంటివారు అంత సులభంగా మరచిపోరు. మేనత్తల అత్తవారిళ్లలో అడగండి.

తెలిసిన పేరును తెలుగు, కన్నడ, తమిళ లిపులు మూడింటిలోనూ వ్రాసి, చెప్పినవారి పేరు, చెప్పిన తేదీ ప్రక్కన వేయండి. క్రయపత్రాలలో తండ్రి పేరు కూడా ఉంటుంది గనుక పెట్టెలోని పాత పత్రాలతో దానిని సరిచూడవచ్చును. తెగిన తరం దగ్గర ఖాళీ వదలండి. పేరు కల్పించి నింపితే, రేపు మీ మనుమడు దానినే ఆధారంగా చూపి సంబంధం వద్దనవచ్చు.