దిశ మారే క్షణమే టేపుకు గండం

మోట బావి కింద సేద్యం చూసినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఎద్దులు ముందుకు నడుస్తున్నంతసేపూ మోకు బిగువుగానే ఉంటుంది. నీళ్ళు పైకొచ్చి ఒలికిన తర్వాత ఎద్దులు వెనక్కి నడవాలి. చిక్కల్లా అక్కడే. ఖాళీ బొక్కెన బావిలోకి దిగే వేగం కంటే ఎద్దులు వెనక్కి వచ్చే వేగం ఎక్కువైతే మోకు వదులై నేలమీద పడుతుంది, కాలికి చుట్టుకుంటుంది. ముందుకు పోయేటప్పుడు లేని ప్రమాదం వెనక్కి మళ్ళేటప్పుడు వస్తుంది.

టేప్‌రికార్డర్‌లో జరిగేదీ అచ్చం ఇదే. పాట సాగుతున్నంతసేపూ టేపుకు పెద్ద ప్రమాదం లేదు. వెనక్కి చుట్టి, చటుక్కున మళ్ళీ ముందుకు నడిపించినప్పుడు, ఆ ఒక్క క్షణంలో టేపు వదులవుతుంది. వదులైన టేపు పోయి రబ్బరు రోలరుకు చుట్టుకుంటుంది. టేపు మింగేసిందంటూ మెకానిక్ దగ్గరకు పరుగెత్తిన అనుభవం 1980 ప్రాంతంలో పెరిగినవారిలో చాలామందికి ఉన్నదే.

బీరువా అడుగున గొంతులు

ఈ పాత సంగతి ఇప్పుడెందుకంటారా? ఇందుకు కారణం లేకపోలేదు. 1970ల చివరి నుంచి కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల వారు ఎందరో బతుకుతెరువు కోసం గల్ఫ్ దేశాలకు వెళ్ళారు. సెలవుపై వచ్చినప్పుడు వారు తెచ్చిన సామానులో టూ ఇన్ వన్‌దే పెద్దపీట. పల్లెల్లో ఫోను లేని రోజులవి. రాయడం, చదవడం రాని ఇళ్ళలో క్యాసెట్టే ఉత్తరమైంది. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని మాటలు నింపి, అటు వెళ్ళేవారి చేతికిచ్చి పంపేవారు. అటునుంచి జవాబూ అలాగే వచ్చేది. నాయనమ్మ పాడిన దంపుళ్ళ పాట, గుడి ముందు చెప్పిన బుర్రకథ, పెళ్ళి పందిట్లో మాటలు కూడా క్యాసెట్లకెక్కాయి.

అలాంటి క్యాసెట్లు బీరువా అడుగున దాచుకున్న ఇళ్ళు నేటికీ ఉన్నాయి. మాట్లాడినవారిలో చాలామంది ఇప్పుడు లేరు. వాటిని కంప్యూటరులోకి ఎక్కిద్దామని పిల్లలు అటకమీది టేప్‌రికార్డర్‌ను దించుతున్నారు. యంత్రం చూస్తే ఏళ్ళ తరబడి తిరగనిది. క్యాసెట్ చూస్తే ఒక్కటే ప్రతి. తొందరలో రీవైండ్, ప్లే మీటలు వెంటవెంటనే నొక్కితే ఆ గొంతు అక్కడే నలిగిపోతుంది. సినిమా పాట పోతే మరోచోట దొరుకుతుంది. అమ్మ గొంతు ఎక్కడ దొరుకుతుంది?

అందుకే టేపు ఎందుకు వదులవుతుందో, దాన్ని ఆపడానికి ఇంజనీర్లు ఏమేం చేశారో తెలుసుకోవడం మంచిది. ఆ తర్వాత మన చేతిలో ఉన్న జాగ్రత్త ఏమిటో సులువుగా అర్థమవుతుంది.

ఒకటి ఇస్తుంది, ఒకటి తీసుకుంటుంది

టేపు రెండు చక్రాల మధ్య నడుస్తుంది. ఒకటి టేపును ఇచ్చేది, రెండోది తీసుకునేది. మధ్యలో సన్నటి ఉక్కు కడ్డీ ఒకటి, దానికి ఆనుకుని రబ్బరు రోలరు ఒకటి ఉంటాయి. ఈ రెండూ కలిసి టేపును సమానమైన వేగంతో హెడ్డు మీదుగా లాగుతాయి. క్యాసెట్లో ఆ వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు. కడ్డీ లాగి ఇచ్చిన టేపును తీసుకునే చక్రం వెంటనే చుట్టుకోవాలి. ఒక్క సెకను తీసుకోకపోయినా దాదాపు 5 సెంటీమీటర్ల టేపు దారిలో పోగుపడుతుంది. రోలరుకు చుట్టుకోవడానికి అంత చాలు.

దిశ మారినప్పుడు ఈ రెండు చక్రాల ఉద్యోగాలూ తారుమారవుతాయి. ఇంతవరకూ ఇచ్చినది తీసుకోవాలి, తీసుకున్నది ఇవ్వాలి. కానీ తిరిగే చక్రం చెప్పగానే ఆగదు. నిండుగా చుట్టిన చక్రం బరువు ఎక్కువ, అంచు దూరం ఎక్కువ. కనుక అది ఆగడానికి ఆలస్యమవుతుంది. ఖాళీ చక్రం ఇట్టే ఆగుతుంది. ఇచ్చే చక్రం నిండుగా ఉండి, తీసుకునేది ఖాళీగా ఉంటే, తీసుకునేది ఆగిపోయినా ఇచ్చేది తిరుగుతూనే ఉంటుంది. టేపు వదులై కిందికి జారుతుంది. దీనికి భిన్నంగా ఉంటే, అంటే ఇచ్చేది ముందు ఆగి తీసుకునేది ఇంకా లాగుతుంటే, టేపు సాగుతుంది లేదా తెగుతుంది. రెండూ నష్టమే.

తాడు లాగుడు పోటీ

జర్మనీకి చెందిన ఏఈజీ సంస్థ 1935లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో మాగ్నెటోఫోన్ అనే టేపు యంత్రాన్ని చూపింది. 1948లో అమెరికాలో ఆంపెక్స్ యంత్రాలు రేడియో స్టేషన్లకు చేరాయి. ఇలాంటి స్టూడియో యంత్రాలలో మూడు మోటార్ల పద్ధతి స్థిరపడింది. కడ్డీకి ఒక మోటారు, రెండు చక్రాలకు చెరొక మోటారు.

ఇందులోని తెలివి చూడండి. ఎడమ మోటారు ఎప్పుడూ ఎడమవైపే లాగుతుంది. కుడి మోటారు ఎప్పుడూ కుడివైపే లాగుతుంది. టేపు ఎటు నడిచినా ఈ లాగుడు ఆగదు. పాట నడిచేటప్పుడు ఇచ్చే చక్రం మోటారుకు కొద్దిపాటి కరెంటు ఇచ్చి వెనక్కి లాగిస్తారు. వేగంగా చుట్టేటప్పుడు ఒకదానికి ఎక్కువ, ఇంకోదానికి తక్కువ. దిశ మార్చాలంటే ఆ ఎక్కువ తక్కువలను అటూ ఇటూ మార్చడమే.

తాడు లాగుడు పోటీలో రెండు జట్లూ లాగుతున్నంతసేపూ తాడు ఎటు జరిగినా వదులు కాదు. ఒక జట్టు చేతులు వదిలేస్తేనే తాడు నేలపాలవుతుంది. టేపు సంగతీ అంతే.

కరెంటు పోతే ఏమిటి?

మరి కరెంటు పోతే రెండు జట్లూ ఒకేసారి చేతులు వదిలినట్లే కదా? దీనికి బ్రేకు సమాధానం. మంచి స్టూడియో యంత్రాలలో బ్రేకును స్ప్రింగు పట్టి ఉంచుతుంది, కరెంటు దాన్ని విడిపిస్తుంది. కనుక కరెంటు పోగానే బ్రేకు తనంతట తానే పడుతుంది.

ఆ బ్రేకులోనూ ఒక కిటుకు ఉంది. చక్రం కింది డ్రమ్ము చుట్టూ ఒక పట్టీ ఉంటుంది. పట్టీ ఒక కొన కదలకుండా బిగించి ఉంటుంది, రెండో కొనను స్ప్రింగు లాగి ఉంచుతుంది. డ్రమ్ము ఒక దిశలో తిరిగితే ఆ రాపిడే పట్టీని ఇంకా బిగిస్తుంది. రెండో దిశలో తిరిగితే అదే రాపిడి పట్టీని సడలిస్తుంది. టేపు ఇచ్చే దిశలో తిరిగినప్పుడు గట్టిగా, తీసుకునే దిశలో తిరిగినప్పుడు మెత్తగా పట్టేలా దీన్ని అమర్చారు. కుడి చక్రానికీ ఎడమ చక్రానికీ అద్దంలో బింబంలా ఎదురెదురుగా పెట్టారు. దానితో టేపు ఎటు నడుస్తున్నా, ఇచ్చే చక్రం మీదే ఎక్కువ బ్రేకు పడుతుంది. తీసుకునేది కాస్త నెమ్మదిగా ఆగుతుంది. టేపు బిగువు చెడదు. ఏ దిశలో ఉన్నామో చూసుకునే మనిషి అక్కరలేదు, మీట అక్కరలేదు.

వీటికి తోడు టేపు దారిలో స్ప్రింగుతో కదిలే చిన్న చేయి ఒకటి ఉంటుంది. టేపు కొంచెం వదులైతే ఆ చేయి పక్కకు జరిగి ఆ మేరకు సర్దుకుంటుంది. టేపు తెగితే పూర్తిగా పడిపోయి యంత్రాన్ని ఆపేస్తుంది.

వదులును అదుపులో పెట్టిన వైనం

కంప్యూటరు టేపులకు ఈ ఏర్పాట్లూ చాలలేదు. అక్కడ టేపు సెకనులో వెయ్యో వంతుల లెక్కన ఆగాలి, కదలాలి. బరువైన చక్రాలను అంత వేగంగా ఆపడం కుదరని పని. 1952లో వచ్చిన ఐబీఎం 726 యంత్రంలో దీనికి విచిత్రమైన ఉపాయం చేశారు. టేపును కావాలనే వదులు చేసి, నిలువుగా ఉన్న గొట్టంలాంటి అరలోకి వేలాడనిచ్చారు. కిందినుంచి గాలిని లాగేసేవారు. ఆ లాగుడుకు టేపు వంపు బిగువుగా నిలిచేది. హెడ్డు దగ్గర టేపు చటుక్కున ఆగినా, కదిలినా ఆ వంపు పొడుగు, పొట్టి అయ్యేది. చక్రాలు తీరుబడిగా తిరిగి లెక్క సరిచేసేవి. వదులు ఉండటం తప్పు కాదు, దాన్ని పట్టి ఉంచేది లేకపోవడమే తప్పు అని ఈ యంత్రం రుజువు చేసింది.

క్యాసెట్ బలహీనత

1963లో ఫిలిప్స్ సంస్థ క్యాసెట్‌ను బెర్లిన్‌లో విడుదల చేసింది. టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు. 60 నిమిషాల క్యాసెట్లో సుమారు 90 మీటర్ల టేపు ఉంటుంది. 120 నిమిషాల దానిలో టేపు మందం మిల్లీమీటరులో నూరో వంతు కంటే తక్కువ. అందుకే వాటిని మెకానిక్‌లు నమ్మేవారు కారు.

ఇళ్ళలోని మామూలు టేప్‌రికార్డర్‌లో మోటారు ఒక్కటే. అది బెల్టుతో అన్నిటినీ తిప్పాలి. తీసుకునే చక్రాన్ని రబ్బరు చక్రమో, ఫెల్టు క్లచ్చో జారుతూ తిప్పుతుంది. ఇచ్చే చక్రాన్ని లాగడానికి రెండో మోటారు లేదు. చిన్న రాపిడి మాత్రమే దాన్ని పట్టి ఉంచుతుంది. రాపిడి ఆపగలదు గానీ, జారిన టేపును వెనక్కి లాగలేదు. తాడు లాగుడు పోటీలో ఇక్కడ ఉన్నది ఒకటే జట్టు.

రీవైండ్ అవుతుండగా ప్లే నొక్కితే ఏమవుతుందో ఇప్పుడు ఊహించవచ్చు. టేపు ఇస్తూ వేగంగా తిరుగుతున్న చక్రం ఇంకా ఆగలేదు. ఆగి, ఎదురు తిరిగి, టేపు తీసుకోవాలి. ఈలోగా రోలరు అంటుకుని టేపును దానివైపే తోస్తుంది. రబ్బరు గట్టిపడి, బెల్టు సాగిపోయిన యంత్రమైతే చక్రం అసలే కదలదు. టేపు రోలరు పాలవుతుంది.

తనంతట తానే వైపు మార్చే ఆటో రివర్స్ యంత్రాలలో రెండు కడ్డీలు, రెండు రోలర్లు ఉంటాయి. ఒక రోలరు వదలాలి, రెండోది పట్టాలి, చక్రాల ఉద్యోగం మారాలి. చాలావాటిలో చక్రం తిరగడం ఆగిందంటే టేపు అయిపోయిందని యంత్రం అనుకుంటుంది. బెల్టు జారి చక్రం ఆగినా అలాగే అనుకుని ఊరికే అటూ ఇటూ దిశ మారుస్తుంది. ఆ లక్షణం కనిపిస్తే క్యాసెట్‌ను వెంటనే తీసేయడం క్షేమం.

ఏం చేయాలి?

ముఖ్యమైన క్యాసెట్‌ను ముందుగా పెట్టవద్దు. పోయినా ఫరవాలేని దాన్ని పెట్టి ముందుకు, వెనక్కి నడిపించి చూడాలి. పాత బెల్టు, రబ్బరు చక్రం మార్పించాలి. రోలరును, కడ్డీని శుభ్రం చేయించాలి. బ్రేకు ఫెల్టు మీద చుక్క నూనె కూడా పడకూడదు.

క్యాసెట్ పెట్టేముందు ఆరు పలకల పెన్సిలును చక్రంలో దూర్చి, టేపు లోపలికి చుట్టుకునే వైపు మెల్లగా తిప్పాలి. కింద కనిపించే టేపు బిగువుగా కాగానే ఆపాలి. వెనకవైపు ప్లాస్టిక్ పలుకులు రెండూ విరిచేస్తే పొరపాటున రికార్డు మీట నొక్కినా పాత గొంతు చెరిగిపోదు.

అన్నిటికంటే ముఖ్యమైనది, దిశ మార్చేముందు స్టాప్ నొక్కడం. చక్రాలు పూర్తిగా ఆగేదాకా మూడు అంకెలు లెక్కపెట్టి, అప్పుడే రెండో మీట నొక్కాలి. ఖరీదైన యంత్రంలో రెండో మోటారు చేసే పనిని ఇక్కడ మన ఓపిక చేయాలి.

టేపు చిక్కుకుంటే లాగవద్దు. యంత్రాన్ని ఆపి, రోలరు వదిలేలా చేసి, చేత్తో మెల్లగా విడిపించాలి. ముడత పడినచోట మాట మందగిస్తుందే గానీ మొత్తం పోదు. లాగి సాగదీస్తే మాత్రం గొంతు వంకరపోతుంది, దాన్ని సరిచేయడం కష్టం. తెగితే మామూలు గమ్ టేపు వాడరాదు. దాని జిగురు పక్క పొరలకు అంటుకుంటుంది. ఈ పనికని తయారైన అతుకు టేపే వాడాలి.

ఇక చివరి మాట. పాత క్యాసెట్ సరిగ్గా నడిచిన మొదటిసారే కంప్యూటరులోకి ఎక్కించుకోవాలి. ముందు విని, తర్వాత ఎక్కిద్దాంలే అనుకోవద్దు. నచ్చిన మాట దగ్గరకు మాటిమాటికీ వెనక్కి తిప్పవద్దు. మొదటి నుంచి చివరిదాకా ఒకే దిశలో, ఒకే నడకలో పోనివ్వాలి. ప్రతి ఎక్కిన తర్వాత అమ్మ మాట ఎన్నిసార్లు వెనక్కి తిప్పి విన్నా టేపుకు భయం లేదు.