చేపపిల్లల వేట - పంచాయతీలు గమనింపదగిన విషయము

వర్షాకాలమున చెరువులు నిండగానే చేపపిల్లలను కొని విడుచుట మన గ్రామములలో పరిపాటి. రాజ్యాంగమునకు 1992లో జరిగిన 73వ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో మత్స్యపరిశ్రమను 5వ అంశముగా చేర్చినది. కావున విడిచిన పిల్లలలో ఎన్ని బ్రతికినవి అనునది పంచాయతీ ధనమునకును, మత్స్యకారుల జీవనమునకును సంబంధించిన ప్రశ్న. ఆ పిల్ల తన ఆహారమును వేటాడు తీరును తెలిసికొన్నచో ఈ ప్రశ్నకు కొంత సమాధానము లభించును.

గ్రుడ్డునుండి వెలువడిన చేపపిల్లకు కొలది దినములు సొనసంచియే ఆధారము. అది తరిగిపోవుసరికి పిల్ల స్వయముగా ఎరను పట్టుకొనవలెను. శాస్త్రజ్ఞులు ఈ వేటను జీబ్రా చేపయందు మిక్కిలి శ్రద్ధతో పరిశీలించిరి. ఒంటిపై నీలపు చారలు గల ఈ చిన్న చేప మన దేశపు వాగులలోను, వరిచేలలోను నివసించునదే. ఫ్రాన్సిస్ హామిల్టన్ అను స్కాట్లండు దేశీయుడు 1822లో దీనిని గ్రంథస్థము చేసెను. దీని పిల్ల శరీరము పారదర్శకమగుటచే కదలికలే కాక మెదడు పనిచేయు విధము కూడ సూక్ష్మదర్శినిలో పరిశీలింప వీలగుచున్నది.

అయిదు దినముల పిల్ల పొడవు సుమారు 4 మిల్లీమీటర్లు. అది ఎడతెగక ఈదదు. తోక ఆడించి కొంత సాగి, క్షణకాలమాగి, మరల సాగును. మామూలుగా దాని కన్నులు ఇరుప్రక్కలకు చూచుచుండును. ఎరయైన సూక్ష్మజీవి కంటబడగానే రెండు కన్నులును ముక్కువైపునకు తిరుగును. ఇట్లు రెండు కన్నుల చూపులు ముందు కలియుటచే ఎర ఎంత దూరమున నున్నదో గ్రహించుట సులభమగును. పిదప తోక కొనను మాత్రమే కొక్కెమువలె ఒక ప్రక్కకు వంచి, మెల్లగా ఎరకు అభిముఖమగును. చిన్న చిన్న కదలికలతో సమీపించి, మిక్కిలి దగ్గరకు చేరిన పిమ్మట నోరు తెరచి, ఒక్క ఉరుకున ఎరను నీటితో సహా లోనికి పీల్చుకొనును. ఈ వేటకు ముఖ్యసాధనము చూపు. చీకటిలో ఉంచిన పిల్లలకు దొరకు ఎర చాల తగ్గిపోవును.

మనము పెంచు బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చేపలు జీబ్రా చేపకు దూరపు బంధువులు. వాటి పిల్లలును తొలిదినములలో నీటిలోని సూక్ష్మజంతువులనే తినును. అంత చిన్న ప్రాణి ఎరకై దూరము పోజాలదు. ఎర దాని చెంతనే సమృద్ధిగా నుండవలెను. కావున పంచాయతీ సభ్యులు ఈ క్రింది విషయములను గమనింపవలెనని కోరుచున్నాము.

మొదటిది: క్రొత్తగా పొదిగిన పిల్లలను పెద్ద చెరువులో నేరుగా విడువరాదు. వాటిని ముందు చిన్న నర్సరీ కుంటలో పెంచవలెను. ఆ కుంటలో రెండు వారములకు ముందే పశువుల ఎరువు వేసినచో సూక్ష్మజంతువులు వృద్ధిపొందును. త్రాగునీటి చెరువును ఇందుకు ఉపయోగింపరాదు.

రెండవది: వరదనీటి బురద పేరుకొని నీరు తేటపడిన పిమ్మటనే పిల్లలను విడువవలెను. బురదనీటిలో వెలుతురు చొరదు. వెలుతురు లేనిచో చూపు సాగదు.

మూడవది: వేటాడు పిల్లను వేటాడు ప్రాణులును కలవు. నర్సరీ కుంటలో సబ్బు, నూనె కలిపిన మిశ్రమమును ఒక దినము ముందుగా నీటిపై చల్లినచో, గాలికై పైకి వచ్చు నీటిపురుగులు నశించును. పెద్ద చెరువులో కొరమీను, వాలుగ మొదలగు చేపలు మిగిలియుండును; వాటి వాత పడకుండుటకు 80 నుండి 100 మిల్లీమీటర్ల వరకు ఎదిగిన పిల్లలను మాత్రమే అందు విడుచుట మేలు.

పిల్లలకు ధనము చెల్లించుటకు ముందే కుంట సిద్ధమైనదా, నీరు తేటపడినదా అని సభలో విచారించి నిర్ణయించు పంచాయతీకి ఆ ధనము వ్యర్థము కాదని మా విశ్వాసము.