అమ్మీ, అబ్బాకు ఫోన్‌లో ఏ ఆట పెట్టిద్దాం?

కొడుకు దుబాయ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటాడు. కూతురు అత్తగారింట్లో ఉంటుంది. మరిపెడ ఇంట్లో మిగిలేది అమ్మీ, అబ్బా ఇద్దరే. పొద్దున పనులన్నీ అయిపోతాయి, కానీ జొహర్ నుంచి అసర్ దాకా టైం గడవదు. చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉన్నా దాంట్లో చూసేది వాట్సాప్‌లో వచ్చిన వీడియోలే. ఇలాంటి పెద్దవాళ్లకు ఒక మంచి ఆట నేర్పిస్తే ఆ సమయం హాయిగా గడుస్తుంది. అయితే ప్లే స్టోర్‌లో మొదట కనబడ్డ ఆటను దించి ఇస్తే లాభం కన్నా నష్టమే ఎక్కువ కావచ్చు. ఎలాంటి ఆట ఎంచుకోవాలో, ఇచ్చే ముందు ఏం సర్దాలో చూద్దాం.

ఆటతో మతిమరుపు పోతుందా?

ముందు ఈ మాట తేల్చుకోవాలి. "ఈ ఆట ఆడితే మెదడు చురుగ్గా అవుతుంది, మతిమరుపు రాదు" అనే ప్రకటనలు చాలా కనబడతాయి. లూమోసిటీ అనే అమెరికా కంపెనీ ఇలాగే చెప్పుకుంది. చెప్పిన దానికి సరైన రుజువు లేదని అక్కడి ప్రభుత్వ సంస్థ కేసు పెట్టడంతో 2016లో 20 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది.

అట్లని అంతా అబద్ధం అనడానికి కూడా లేదు. అమెరికాలోనే 65 ఏళ్లు దాటిన 2,800 మంది మీద ఒక పెద్ద అధ్యయనం జరిగింది. పదేళ్ల తర్వాత చూస్తే, తెర మీద కనిపించే బొమ్మలను వేగంగా గుర్తుపట్టే ఒక సాధన చేసినవాళ్లలో, ఏ సాధనా చేయనివాళ్లతో పోలిస్తే డిమెన్షియా ముప్పు సుమారు 29 శాతం తక్కువగా ఉంది. 2017లో ఈ ఫలితం బయటికొచ్చింది. కానీ అది శిక్షకులు దగ్గరుండి చేయించిన ప్రత్యేక సాధన. అదే అధ్యయనంలో జ్ఞాపకశక్తి సాధన చేసినవాళ్లలో అంత తేడా కనబడలేదు. కాబట్టి మామూలు ఆటను మందులా చూడొద్దు. పెద్దవాళ్లకు సంతోషం ఇస్తే, నలుగురితో మాట కలిపితే అదే చాలు.

వాళ్లు ఆడిన ఆటతోనే మొదలుపెట్టండి

"అబ్బా, మీరు చిన్నప్పుడు ఏం ఆడేవాళ్లు?" అని ఒకసారి అడిగి చూడండి. పులి-మేక, వామనగుంటలు, క్యారమ్స్, శత్రంజ్ అని ఏదో ఒకటి చెబుతారు. రూల్స్ ముందే తెలిసిన ఆటయితే సగం పని అయిపోయినట్టే, ఇక నేర్చుకోవాల్సింది తెరను ఎలా తాకాలో మాత్రమే. శత్రంజ్ ఆడినవాళ్లకు లీచెస్ అనే యాప్ బాగుంటుంది. అది పూర్తిగా ఉచితం, ప్రకటనలు ఉండవు. ఒక్కో ఎత్తుకు రోజుల గడువు పెట్టుకోవచ్చు. అంటే మరిపెడలో అబ్బా పొద్దున ఒక ఎత్తు వేస్తే, రియాద్‌లో కొడుకు డ్యూటీ అయ్యాక జవాబు ఎత్తు వేయొచ్చు. రోజూ ఫోన్ చేసి ఏం మాట్లాడాలో తోచని తండ్రీకొడుకులకు ఇదొక మంచి సాకు.

చదువు సంగతి కూడా చూసుకోవాలి. మన ఇళ్లలో ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ తెలుగు మాత్రమే చదవగలిగిన పెద్దవాళ్లున్నారు. ఖురాన్ చదవడం వచ్చి తెలుగు చదవడం రాని అమ్మీలూ ఉన్నారు. అక్షరాల అవసరం లేని ఆటలైతే ఇద్దరికీ పనికొస్తాయి. జతల బొమ్మలు కలపడం, ముక్కలు పేర్చి బొమ్మ చేయడం, రంగులు వరసగా సర్దడం లాంటివి. అంకెలు తెలిస్తే సుడోకు నేర్పొచ్చు, అయితే చిన్న గళ్లతో, సులువైన దాంతో మొదలుపెట్టాలి. తెలుగు పేపర్ చదివే అబ్బాకు పదాల ఆటలు నచ్చుతాయి.

ఇంట్లో పిల్లల పాత కంప్యూటర్ మూలన పడి ఉంటే దాన్నీ వాడుకోవచ్చు. పెద్ద తెర, మౌస్ ఉండడం వల్ల కొందరికి ఫోన్ కన్నా అదే సులువు. మైక్రోసాఫ్ట్ 1990లో విండోస్‌తో పాటు సాలిటైర్ ఆట ఇచ్చింది కూడా, మౌస్‌తో లాగి వదలడం జనానికి అలవాటు కావాలనే.

ఏ ఆట వద్దు?

డబ్బు పెట్టే ఆట ఏదైనా వద్దు. జూదం హరామ్ అని సూరా మాయిదా 90వ ఆయతులో స్పష్టంగా ఉంది. చట్టం కూడా అదే చెబుతోంది. తెలంగాణలో 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీ లాంటివాటిని నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అలాంటి చట్టం చేసింది. అయినా "ఫ్రీగా ఆడండి, 500 రూపాయలు గెలవండి" అంటూ లింకులు వస్తూనే ఉంటాయి. పెద్దవాళ్లకు ఒకటే మాట చెప్పి పెట్టండి: ఆట డబ్బు ఇస్తానన్నా, డబ్బు అడిగినా అది ఆట కాదు, మోసం.

ఇంకో సంగతి. పందెం లేకపోయినా పాచికల ఆటలను చాలామంది ఉలమా వద్దంటారు. శత్రంజ్ మీద వాళ్ల మధ్య అభిప్రాయభేదం ఉంది. పేకముక్కలు చూస్తేనే కొందరు పెద్దవాళ్లకు మనసొప్పదు. అందుకే లూడో, సాలిటైర్ దించే ముందు వాళ్లను అడగండి. వాళ్లు వద్దంటే "అందరూ ఆడుతున్నారు కదా" అని ఒత్తిడి చేయొద్దు. బొమ్మల పజిల్స్‌కు ఈ ఇబ్బంది ఏదీ లేదు.

ఇచ్చే ముందు మీరు ఆడి చూడండి

కొత్త ఆటను ముందు మీరే పది నిమిషాలు ఆడండి. గడియారం తరుముతోందా? పెద్దవాళ్లకు అది కంగారు. అక్షరాలు, బొమ్మలు పెద్దగా ఉన్నాయా? రెండు వేళ్లతో చేయాల్సిన పని ఉందా? ఒక్క వేలితో తాకితే సరిపోయేది మేలు. ఓడిపోయినప్పుడు వెంటనే మళ్లీ మొదలుపెట్టొచ్చా, లేక "నాణేలు కొనండి" అంటోందా? నెట్ లేకుండా నడుస్తుందా? నెట్ ఆపినా నడిచే ఆటలో ప్రకటనల బెడద చాలావరకు తగ్గుతుంది, పొరపాటున ఏదో నొక్కి ఇంకెక్కడికో పోయే భయం ఉండదు.

తర్వాత ఫోన్ సర్దండి. సెట్టింగ్స్‌లో అక్షరాల సైజ్ పెంచండి. చేయి వణికేవాళ్లకు యాక్సెసిబిలిటీలో "టచ్ అండ్ హోల్డ్ డిలే" ఎక్కువ చేయండి. వేళ్లు బాగా పొడిబారితే తెర సరిగా పట్టదు, కొంచెం తడి తగిలితే పని చేస్తుంది. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. వీలైతే ఆటల ఫోన్ వేరు, బ్యాంకు యాప్ ఉన్న ఫోన్ వేరు చేయండి. అయినా డబ్బు పోతే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి ఫోన్ చేయమనండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

నేర్పేటప్పుడు ఓపిక

ఫోన్ వాళ్ల చేతిలోంచి లాక్కుని "ఇట్లా, ఇట్లా" అని మీరు చేసి చూపిస్తే వాళ్లకు ఏమీ రాదు. ఫోన్ వాళ్ల చేతిలోనే ఉంచి మాటతో చెప్పండి. ఒక వారం ఒక్క ఆటే. ఎలా తెరవాలి, ఎలా మూయాలి అన్నది కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అతికించండి. మనవళ్లను పక్కన కూర్చోబెడితే ఇంకా మంచిది, దాదీకి నేర్పడం వాళ్లకూ సరదా. ఒక్కసారికి అరగంట చాలు. కళ్లకు విశ్రాంతి కావాలి, కాళ్లకు నడక కావాలి. ఇషా తర్వాత ఫోన్ పక్కన పెడితే నిద్ర బాగా పడుతుంది.

చివరగా ఒక జాగ్రత్త. నెలల తరబడి బాగా ఆడిన ఆటనే ఉన్నట్టుండి ఎలా ఆడాలో మరిచిపోతుంటే, గళ్లు కనబడడం లేదంటుంటే "ముసలితనం" అని వదిలేయొద్దు. కంటిశుక్లం కావచ్చు, షుగర్ వల్ల కంటిపొర దెబ్బతిని ఉండొచ్చు, మతిమరుపు జబ్బు మొదలై ఉండొచ్చు. మహబూబాబాద్‌కో ఖమ్మానికో తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి. దూరంలో ఉన్న పిల్లలకు ఈ మార్పు ఫోన్‌లో మాటల కన్నా ఆటలోనే ముందు తెలియొచ్చు. రోజూ వచ్చే ఎత్తు రెండు రోజులు రాకపోతే, ఆ సాయంత్రం ఇంటికి ఒక ఫోన్ చేయండి.