గుర్రం ఎందుకు కాలు దువ్వుతుంది?

‘కయ్యానికి కాలు దువ్వడం’ అనే జాతీయం మీకు తెలిసిందే. అయితే గుర్రం కాలు దువ్వేది కయ్యానికేనా?

పెళ్లిళ్ల రోజుల్లో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వీధుల్లో పెళ్లికొడుకును ఊరేగించే గుర్రం మీకు కనిపిస్తుంది. బ్యాండుమేళం బయలుదేరేదాకా అది ఒకేచోట నిలబడాలి. అప్పుడు దూరం నుంచి దాని కాళ్లను గమనించండి. ముందరికాలు ఒకటి ఎత్తి, చాచి, గిట్టతో నేలను వెనక్కు గీరుతుంది. మళ్లీ మళ్లీ గీరుతుంది.

ఇది గుర్రానికి పుట్టుకతో వచ్చిన గుణం. చలిదేశాల్లో గుర్రాలు మంచును ఇలాగే గీరి, కిందనున్న గడ్డి తింటాయి. అమెరికాలోని సోనోరన్ ఎడారిలో అడవి గాడిదలు, గుర్రాలు ఇసుకను తవ్వి నీరు తాగుతాయనీ, ఆ గుంటలు ఇతర జంతువులకూ ఉపయోగపడతాయనీ 2021లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు.

మరి తారురోడ్డు మీద గీరితే? గడ్డీ దొరకదు, నీరూ దొరకదు. మన గోళ్లలాగే గిట్ట కూడా కెరటిన్ అనే పదార్థంతో తయారైంది. అది అరిగిపోతుంది, లాడం వదులవుతుంది, కీళ్లకు శ్రమ కలుగుతుంది. కనుక ఈ అలవాటు మాన్పించాలి. ఎలా?

ముందుగా కారణం వెతకాలి. గుర్రం గీరుతూ మాటిమాటికీ తన డొక్కవైపు చూసుకుంటోందా? మేత మానేసిందా? చెమటలు పట్టి, నేలమీద పడి పొర్లుతోందా? అయితే అది కడుపుశూల కావచ్చు. గుర్రం మనలాగా వాంతి చేసుకోలేదు. దాని చిన్నప్రేగు పొడవు 20 మీటర్ల పైమాటే. అందులో అడ్డంకి ఏర్పడితే కొద్ది గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. అప్పుడు కాలు కట్టేయడం కాదు, వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి. నారాయణగూడలోనే ప్రభుత్వ పశువైద్యశాల ఉంది.

జబ్బేమీ లేకపోతే ఆకలి, దాహం, విసుగు కారణాలు కావచ్చు. వేళకు గడ్డి, నీరు, రోజూ నడక, తోడుగా మరో గుర్రం ఉంటే చాలావరకు తగ్గుతుంది.

అప్పటికీ తగ్గకపోతే? బెర్లిన్‌లో ఓస్టెన్ అనే లెక్కల మాస్టారు పెంచిన హన్స్ అనే గుర్రం కథ వినండి. ‘మూడూ రెండూ ఎంత?’ అని అడిగితే అది గిట్టతో నేలను ఐదుసార్లు తట్టేది! 1904లో దాని పేరు దేశదేశాలకు పాకింది. దీని గుట్టును ఫుంగ్‌స్ట్ అనే శాస్త్రజ్ఞుడు 1907లో బయటపెట్టాడు. సరైన సంఖ్య రాగానే, అడిగినవారి తల తమకు తెలియకుండానే కొద్దిగా కదిలేది. అది చూసి హన్స్ ఆగేది. ఆగితే తినడానికి బహుమానం దొరికేది. అడిగినవారికే జవాబు తెలియనప్పుడు హన్స్ కూడా తప్పేది.

హన్స్‌కు లెక్కలు రావు. కాలు ఆడిస్తే తిండి దొరుకుతుందని మాత్రం వచ్చు. గీరే గుర్రం ముందు గుప్పెడు ఉలవలు పోస్తే మనమూ అదే పాఠం నేర్పినట్లు. ‘ఏయ్!’ అని అదిలించినా, పలకరింపు దొరికిందని కొన్ని గుర్రాలు సంతోషిస్తాయి. కాబట్టి గీరుతున్నంతసేపూ దాణా వేయరాదు. నాలుగు కాళ్లూ నేలమీద ఆనించి, ఒక్క క్షణం నిశ్చలంగా నిలబడగానే వేయాలి. ఆ క్షణాన్ని క్రమంగా పెంచుతూ పోవాలి.

మొదట్లో గీరడం తగ్గకపోగా పెరుగుతుంది సుమా! అప్పుడు జాలిపడి దాణా వేస్తే, ఇంకా గట్టిగా గీరమని నేర్పినట్లే.

కొట్టడం వల్ల లాభం లేదు. దెబ్బకు భయం పుడుతుందే గాని, కడుపునొప్పీ పోదు, ఆకలీ తీరదు. నోరులేని జీవి కాలితో చెప్పే మాట అది. ముందు ఆ మాటను అర్థం చేసుకోవాలి, ఆ తరువాతే మాన్పించాలి.