ట్రాన్స్‌జెండర్, గే పిల్లలున్న కుటుంబాలకు మనం అండగా ఉండేదెలా?

శనివారం పాట్‌లక్‌లోనో, వాట్సాప్ గ్రూపులోనో ఎవరో ఒకరు 'తేడా' అంటూ జోకు వేస్తారు. నలుగురు నవ్వుతారు, మిగతావాళ్లు ప్లేట్ల వైపు చూస్తారు. ఆ జోకు ఎవరి మీదో వాళ్లు అక్కడ లేరని అందరికీ ధీమా. కానీ పక్క గదిలో వీడియో గేమ్ ఆడుకుంటున్న పదిహేనేళ్ల వాళ్లలో ఒకరికి అది తమ గురించే కావచ్చు. అమ్మానాన్నలకు చెప్పాలా వద్దా అని నలిగిపోతున్న పిల్లలు ముందుగా గమనించేది ఇలాంటి మాటలనే.

ఇందులో ప్రాణాల సంగతి కూడా ఉంది. అమెరికాలో కైట్లిన్ రయాన్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కౌమారంలో ఇంట్లోవాళ్ల నుంచి తీవ్ర తిరస్కారం ఎదుర్కొన్న గే, లెస్బియన్, బైసెక్సువల్ యువత ఆత్మహత్యకు ప్రయత్నించినట్టు చెప్పడం, అంతగా ఎదుర్కోనివాళ్ల కంటే 8.4 రెట్లు ఎక్కువ. తమను అంగీకరించిన పెద్దవాళ్లు కనీసం ఒక్కరున్నా అలాంటి ప్రయత్నాలు 40 శాతం తక్కువని ట్రెవర్ ప్రాజెక్ట్ 2019లో చెప్పింది. ఆ ఒక్కరు తల్లిదండ్రులే కానక్కర్లేదు. బాబాయి కావచ్చు, కూచిపూడి టీచర్ కావచ్చు, పక్కింటి ఆంటీ కావచ్చు.

కాబట్టి జోకు విన్నప్పుడు పెద్ద ఉపన్యాసం అవసరం లేదు. "ఇందులో నవ్వడానికేముందండీ?" అని మామూలుగా అడిగితే చాలు. అడిగింది పక్క గదిలోకీ వినిపిస్తుంది.

గే, ట్రాన్స్‌జెండర్ ఒకటే అనుకోవడం మనవాళ్లలో మామూలు. ఎవరి మీద ఇష్టం కలుగుతుందన్నది మొదటిది, తాను ఆడా, మగా, మరొకటా అన్నది రెండోది. హిజ్రాలది గురువు, చేలాలు ఉండే ఒక సంప్రదాయ సమాజం. ట్రాన్స్‌జెండర్లందరూ హిజ్రాలు కారు. 'మన సంస్కృతిలో ఇవి లేవు' అనేవాళ్లకు 'నర్తనశాల'లో ఎన్టీఆర్ వేసిన బృహన్నలను గుర్తుచేయడం మనకు అలవాటు. అది శాపం వల్ల వచ్చిన అజ్ఞాతవాసపు వేషం కాబట్టి ఆ వాదన ఎక్కువ దూరం నడవదని నా అభిప్రాయం. దానికంటే ఇవాళ్టి మనుషులను చూపించడం మేలు. 2022లో హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో డాక్టర్ ప్రాచీ రాథోడ్, డాక్టర్ రూత్ జాన్‌పాల్ ప్రభుత్వ వైద్యులుగా చేరారు. ట్రాన్స్‌జెండర్లను నేరస్థుల్లా రిజిస్టరులో నమోదు చేయించిన నిజాం కాలపు చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టేసింది.

ఇక పిలుపు సంగతి. ఇంగ్లీషులో 'షీ', 'దే' దగ్గర తడబడే మనకు తెలుగు చాలా వెసులుబాటు ఇస్తుంది. 'నువ్వు వచ్చావు', 'మీరు వచ్చారు' అన్నప్పుడు ఆడా మగా తేడాయే లేదు. 'గారు' ఎవరికైనా సరిపోతుంది. 'నాన్నా, అన్నం తిన్నావా' అని కూతుళ్లనూ పిలుస్తాం కదా! చిక్కు వచ్చేది లేనివాళ్ల గురించి చెప్పేటప్పుడే. 'వాడు' అనాలా, 'ఆమె' అనాలా, అన్నయ్యా, అక్కా అన్నది వాళ్లనే అడగాలి. పాత పేరు నోరుజారితే వెంటనే సరిదిద్దుకుని మాట కొనసాగించండి. పది నిమిషాలు సారీలు చెబితే ఓదార్చాల్సిన పని వాళ్ల మీద పడుతుంది.

మీతో చెప్పిన విషయం మీ దగ్గరే ఉండాలి. 'మంచి మనసుతోనే' ఊళ్లో అత్తయ్యకు చెప్పినా, అది సాయంత్రానికి ఫ్యామిలీ గ్రూపులో ఉంటుంది. అమెరికాలో ఉన్నవాళ్లకు అది అవమానంతో పోవచ్చు. సౌదీ, ఖతార్, మలేషియా వంటి దేశాల్లో స్వలింగ సంబంధాలు నేరం. అక్కడ ఉన్నవాళ్ల పేరు, ఫొటో బయటపెడితే ఉద్యోగం, స్వేచ్ఛ రెండూ పోతాయి.

అన్నిటికంటే పెద్ద నష్టం పెళ్లి దగ్గర జరుగుతుంది. 'పెళ్లయితే అదే సర్దుకుంటుంది' అని కొడుకు మాట తొక్కిపెట్టి, గుంటూరు నుంచో వరంగల్ నుంచో సంబంధం చూస్తారు. ఏమీ తెలియని అమ్మాయి హెచ్-4 వీసా మీద దిగుతుంది. ఉద్యోగం చేసే వీలు చాలామందికి ఉండదు, ఆమె వీసా భర్త వీసాకు ముడిపడి ఉంటుంది. ఏడాది తర్వాత 'లోపం నాలోనే ఉందేమో' అని ఏడ్చేది ఆమె. సంబంధం గురించి వాకబు చేస్తూ మీకు ఫోన్ వస్తే అబ్బాయి రహస్యం చెప్పే హక్కు మీకు లేదు, 'బంగారంలాంటి సంబంధం' అని హామీ ఇచ్చే హక్కూ లేదు. "నేను మధ్యలో ఉండను" అనండి. తల్లిదండ్రులతో మాట్లాడే చనువుంటే, అబ్బాయి ఒప్పుకుంటే, నిశ్చితార్థం కాకముందే మాట్లాడండి.

'డాక్టరుకు చూపిస్తే మారతాడు' అన్నదీ వదులుకోవాల్సిన ఆశే. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితా నుంచి 1990లోనే తీసేసింది. మార్చేస్తామనే 'కన్వర్షన్ థెరపీ'ని భారత జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. కౌన్సెలింగ్ అవసరమయ్యేది చాలాసార్లు తల్లిదండ్రులకే. అమెరికాలో అలాంటి వారికోసం పీఫ్లాగ్, దక్షిణాసియా కుటుంబాల కోసం దేశీ రెయిన్‌బో పేరెంట్స్ అండ్ అలైస్ ఉన్నాయి. పిల్లలు ప్రాణం తీసుకునే మాట ఎత్తితే వెంటనే 988కి ఫోన్ చేయండి.

స్నేహితురాలు తన బిడ్డ గురించి మీకు చెప్పాక, రాకపోకలు తగ్గించకండి. వచ్చే నెల మీ ఇంట్లో సత్యనారాయణ వ్రతం ఉంటే పిల్లతో సహా రమ్మని పిలవండి. ఏ పేరుతో పిలవాలో, ఆ పేరు అందరి ముందు వాడొచ్చో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.